నీళ్లు తాగకుండా ఎక్కాలి

మూలపేట వైపు పోర్టు పనులు మొదలయ్యాక మా ఉద్దానం వాళ్లకి క్రేన్ల పిచ్చి పట్టింది. సంతబొమ్మాళిలో టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు వచ్చి పక్కన చేరతాడు. నేను హైదరాబాదులో పన్నెండేళ్లు టవర్ క్రేన్ నడిపి వచ్చానని ఇక్కడ అందరికీ తెలుసు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"అంత సన్నంగా ఉంటాది కదా మావా, అది పడిపోదేటి?"

పడదు. ఎందుకు పడదో చెప్తాను. టీ చల్లారిపోయేదాకా చెప్తాను. కానీ ఇన్నేళ్లలో ఒక్కడైనా అడగని ప్రశ్న ఒకటుంది. పొద్దున ఎక్కి సాయంత్రం దిగేవాడు మధ్యలో ఒంటేలుకి ఎక్కడికి వెళ్తాడు? అది ఎవరికీ అక్కర్లేదు. ఆ బిల్డింగు కట్టించినవాళ్లకీ అక్కర్లేదు, ఆ క్రేను తయారుచేసినవాళ్లకీ అక్కర్లేదు. ఆ ప్రశ్నకి నా అంతట నేనే ఒక జవాబు కనిపెట్టుకున్నాను, దాన్ని నా బావమరిదికి నేర్పాను. ఇప్పుడు వాడు వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకుంటున్నాడు. నీ వల్లే అని ఏ డాక్టరూ నాతో అనలేదు. కాదని కూడా అనలేదు.

ముందు క్రేను సంగతి చెప్తాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. భూమిలో ఒక గదంత కాంక్రీటు దిమ్మ పోస్తారు. అందులో పాతిన ఇనుప కాళ్ల మీద నలుచదరపు చట్రాలు ఒకదాని మీద ఒకటి పెట్టి బోల్టులు బిగిస్తారు. ఆ నిలువు స్తంభాన్ని మాస్టు అంటాం. దాని నెత్తిన గుండ్రంగా తిరిగే పళ్ల చక్రం, ఆ చక్రం మీద ఒక పక్కకి పొడుగు చెయ్యి, రెండో పక్కకి పొట్టి చెయ్యి. పొడుగు చేతిని జిబ్బు అంటారు. దాని కింద చిన్న ట్రాలీ ముందుకీ వెనక్కీ నడుస్తుంది, ట్రాలీ నుంచి తీగల మీద కొక్కెం దిగుతుంది. పొట్టి చేతి చివర కాంక్రీటు దిమ్మలు వేలాడతాయి. ముందు మోసే బరువుకి వెనక ఆ దిమ్మలు కాటా సరిచేస్తాయి. బరువు మాస్టుకి దగ్గరగా ఉంటే ఎక్కువ ఎత్తగలదు, జిబ్బు చివరికి వెళ్లేకొద్దీ తక్కువ. లెక్క దాటితే దాన్ని ఆపెయ్యడానికి స్విచ్చులున్నాయి. యంత్రానికి అంత జాగ్రత్త చేశారు. నడిపేవాడికి అలాంటి స్విచ్చు ఎవరూ పెట్టలేదు.

బిల్డింగుతో పాటు క్రేను కూడా పెరుగుతుంది. ఇదొక్కటీ చెప్తే వినేవాళ్లు నోరు తెరుస్తారు. మాస్టు చుట్టూ ఒక తొడుగు ఉంటుంది, దానికి జాకీ. ఆ జాకీ పైనున్న మొత్తాన్ని, చక్రం, జిబ్బు, క్యాబిన్, అందులో కూర్చున్న నాతో సహా, ఒక చట్రం ఎత్తు పైకి నెడుతుంది. ఆ సందులోకి కొత్త చట్రాన్ని క్రేనే తన కొక్కెంతో తెచ్చి ఇచ్చుకుంటుంది. లోపలికి జరిపి బోల్టులు బిగిస్తారు. కొన్ని అంతస్తులకొకసారి మాస్టుని బిల్డింగుకి ఇనుప కడ్డీలతో కట్టేస్తారు. పని ముగించి దిగేటప్పుడు మాత్రం తిరిగే చక్రానికి బ్రేకు వదిలెయ్యాలి. గాలి ఎటు తోస్తే జిబ్బు అటు తిరగాలి, బిగించి ఉంచితేనే ప్రమాదం. తుఫానుకి కొబ్బరితోటలు నేలమట్టం కావడం చూసినవాళ్లకి ఆ మాట వేరే వివరించక్కర్లేదు.

మా మావ, అంటే నా భార్య తండ్రి, కిడ్నీలు పాడై పోయాడు. మా వైపు ఇది చెప్పుకోవాల్సినంత వింత కాదు. వేరే ఊళ్లలో మనుషులు కలిస్తే వానల గురించి, పంటల గురించి అడుగుతారు. మా దగ్గర "క్రియేటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందంటే కిడ్నీ తరుగుతున్నట్టు. జీడితోటలో పిక్కలు ఏరే ముసలమ్మ కూడా తన అంకె టక్కున చెప్తుంది. అసలు కారణం ఏమిటో ఎంతమంది వచ్చి రక్తాలూ నీళ్లూ పట్టుకెళ్లినా తేల్చి చెప్పినవాళ్లు లేరు. మేం మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నాం. నీళ్లే. మా బావి నీళ్లు, మా బోరు నీళ్లు. నిమ్మాడ నుంచి వచ్చే మా పెద్దమ్మ సంచిలో సొంత నీళ్ల సీసా పెట్టుకొని వస్తుంది. మా ఇంట్లో అన్నం తింటుంది, చేపల కూర రెండుసార్లు వేయించుకుంటుంది, నీళ్లు మాత్రం తనవే తాగుతుంది. మేం కోప్పడం. మేమైనా అంతే చేస్తాం.

అంచేత మా వాళ్ల బుర్రల్లో ఒక లెక్క స్థిరపడిపోయింది. ఊరు విడిచి నీళ్లు మార్చినవాడు బతికినట్టే అని. నేను హైదరాబాదు వెళ్లినప్పుడు నా భార్య సంతోషపడింది జీతానికి కాదు, నీళ్లకి. తుఫానులో వాళ్ల పుట్టింటి తోట పోయాక తమ్ముణ్ణి కూడా నాతో పంపించమని పట్టుబట్టింది. "మా నాన్నలాగ ఈడు కూడా పోతాడేటోనని నాకు బయిం. ఈ నీళ్లకి దూరంగా తీసుకెళ్లిపో" అంది. వాడికప్పుడు ముప్ఫై దాటాయి. పెళ్లాం, ఒక కూతురు. కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దించడంలో మా చుట్టుపక్కల వాడంతటివాడు లేడు. వాణ్ణి నా చేతుల్లో పెట్టారు. కాపాడమని పెట్టారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోలేను కాబట్టి.

మొదట కింద నిలబడి వాకీటాకీలో సిగ్నల్ ఇచ్చే పనిలో చేర్పించాను. పైనున్న నాకు బిల్డింగు అవతలి పక్క కనపడదు. వాడి గొంతే నా కళ్లు. సైటులో అందరూ హిందీలో మాట్లాడాలి. మేమిద్దరం మాత్రం మా యాసలోనే కానిచ్చేవాళ్లం. "ఎత్తు బావా... ఎత్తు... నెమ్మదిగా... ఆగు, ఊగతంది" అని వాడు సాగదీసి చెప్తుంటే సైటు ఇంజినీరు నవ్వేవాడు, పాట పాడుతున్నాడా పని చేస్తున్నాడా అని. నవ్వనీ. ఇద్దరం కలిసి పనిచేసినన్నాళ్లూ ఒక్క బరువు కూడా ఎవరికీ తగల్లేదు.

రెండేళ్లకి ట్రైనింగు తీసుకొని సర్టిఫికెట్టు తెచ్చుకున్నాడు. పక్క టవరు క్రేను వాడికిచ్చారు. మొదటి రోజు నిచ్చెన దగ్గర, భయమేస్తోందా అని అడిగాను.

"కొబ్బరిసెట్టెక్కినోడికి ఇదేటి బావా, మెట్లున్నాయి కదా" అన్నాడు.

వాడికి చేతిలో పని ఉంది. ఎడమ చేతి కర్రతో జిబ్బు తిప్పడం, ట్రాలీ నడపడం, కుడి చేతి కర్రతో కొక్కెం ఎత్తడం, దించడం. అది ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. బరువు ఊగినప్పుడు ఏం చెయ్యాలన్నదే అసలు విద్య. కొత్తవాడు గాభరాగా ఆపేస్తాడు, ఊపు ఇంకా పెరుగుతుంది. బరువు ఎటు ఊగుతుందో ట్రాలీని అటే పోనిచ్చి, సరిగ్గా దాని నెత్తిన నిలబెట్టాలి. అప్పుడు అది చల్లబడుతుంది. వాడు వారంలో పట్టేశాడు. నాకు ఆరు నెలలు పట్టింది.

ఇక రెండో విద్య. అదే నేను నేర్పినది.

పైకి వెళ్లాలంటే కట్టిన అంతస్తుల దాకా పనివాళ్ల లిఫ్టు. అక్కణ్ణుంచి చిన్న వంతెన మీదుగా మాస్టులోకి దిగి, లోపలి నిచ్చెనలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాలి. క్యాబిన్ చేరేసరికి చొక్కా తడిసిపోతుంది. ఒంటేలుకి దిగాలంటే మళ్లీ అంతా దిగాలి. లిఫ్టు ఎక్కడో ఇటుకలు మోస్తూ ఉంటుంది, దాని కోసం నిలబడాలి. దిగి ఎక్కేసరికి అరగంట పైనే పడుతుంది. ఆ అరగంటా క్రేను నిలిచిపోతుంది, క్రేను నిలిస్తే కాంక్రీటు నిలుస్తుంది, కాంక్రీటు నిలిస్తే వాకీటాకీలో బూతులు మొదలవుతాయి. అందుకని చాలామంది ఖాళీ సీసా పెట్టుకుంటారు. సాయంత్రం ఆ సీసా పట్టుకొని నలుగురి మధ్య నుంచి దిగి రావాలి. మా బావమరిది ఒక్కరోజు అలా దిగాడు. కింద ఇనుప ఊచలు కట్టే కమ్మీ పనివాళ్లు ఏదో అని నవ్వారు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. "నా వల్ల కాదు బావా, నాను క్రేనొగ్గేత్తాను" అన్నాడు.

నాకు చిరాకేసింది. ఇంత మంచి పని సిగ్గుకి వదిలేస్తాడా అని. నాకు సీసా అక్కర్లేదని గొప్పగా చెప్పాను. పొద్దున అర గ్లాసు టీ, అంతే. ఎక్కే ముందు నీళ్లు ముట్టకూడదు. పైకి నీళ్లు తీసుకెళ్లకూడదు, కంటికి కనిపిస్తే తాగాలనిపిస్తుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా తాడు మీద పైకి వస్తుంది కదా, దాంతో నాలుగు గుక్కలు. ఎండాకాలంలో నాలిక పిడచ కట్టుకుపోతే ఒక పుల్లటి చప్పరింపు బిళ్ల. నెల తిరిగేసరికి ఒళ్లు అలవాటు పడిపోతుంది, దిగేదాకా ఒంటేలే రాదు. ఇంజినీరు నన్ను అందరికీ చూపించి "ఈయన మనిషి కాదయ్యా, మిషను" అనేవాడు. నేను ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"మరి అక్క నీళ్లు నింపి ఇత్తాది కదా?" అని అడిగాడు వాడు.

నా భార్య మాతోనే లేబర్ కాలనీలో ఉండేది. రోజూ పొద్దున్నే రెండు లీటర్ల సీసాలు రెండు, తడిగుడ్డ చుట్టి ఇచ్చేది. ఒకటి నాకు, ఒకటి తమ్ముడికి. సాయంత్రం సీసా ఖాళీగా రాకపోతే ఊరుకునేది కాదు.

"పై స్లాబు మీద కమ్మీ పనోళ్లున్నారు కదా, ఆళ్లకిచ్చీ. సాయంత్రం ఖాళీ సీసా తెచ్చీ. దానికి సెప్పకు" అన్నాను. నేను చేసేది అదే మరి.

ఆ తర్వాత ఒక మాట కూడా అన్నాను. "మన ఊరి నీళ్లు తాగే కదేట్రా మీ నాన్న పోయాడు. అసలు నీళ్లే తాగనోడికి ఏటౌతాది?" అన్నాను. వేళాకోళంగానే అన్నాను. వాడు నవ్వలేదు. ఆలోచించి తల ఊపాడు. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ మాట వేళాకోళంలా వినపడదు. నీళ్లంటే మాకు చిన్నప్పటినుంచీ అనుమానమే, ఆ అనుమానానికి నేను ముద్ర వేసి ఇచ్చాను.

నాలుగేళ్లు వాడు అలాగే నడిపాడు. ఆ పద్ధతి నాకంటే గట్టిగా పాటించాడు. నేనైనా దిగాక చెంబుడు నీళ్లు గటగటా తాగేవాణ్ణి. వాడు సాయంత్రం కూడా కొంచెమే తాగేవాడు, రాత్రి నిద్ర చెడుతుందని. నడుము నొప్పి అంటే బిళ్ల వేసుకొని ఎక్కేవాడు. కిందికి వంగి చూసి చూసి మా అందరికీ నడుములు పోతాయి. తర్వాత పాదాలు వాయడం మొదలైంది. చెప్పులు బిగుసుకుంటున్నాయన్నాడు. నేను చూశాను. ఉద్దానంలో పుట్టి, వాచిన పాదం ఎలా ఉంటుందో తెలిసి, మా మావ పాదాలు నా చేత్తో ఒత్తి కూడా, గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే అంతేలే అన్నాను. ఏడాదికోసారి చేసే పరీక్షలో బీపీ ఎక్కువ వస్తే, కాసేపు కూర్చొని మళ్లీ చూపించుకోమని నేనే సలహా ఇచ్చాను. ఉద్దానం వాడని తెలిస్తే క్రేను మీద నుంచి దించేస్తారేమోనని నా భయం. దించేస్తే బాగుండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం వాడి క్రేను కాంక్రీటు బకెట్టుని గాల్లో పట్టుకొని ఆగిపోయింది. నా క్యాబిన్ నుంచి కనపడుతూనే ఉంది. కింద నుంచి కేకలు. వాకీటాకీలో నేను పిలిచాను.

"బావా, కళ్లు మసకలు కమ్మతన్నాయి" అన్నాడు. గొంతు ఎక్కడి నుంచో వస్తున్నట్టుంది.

"ఒరే, ఏటీ ముట్టుకోకు. సేతులు తీసీ, అలాగే కూకో. నానొత్తన్నాను" అన్నాను.

వాడు వినలేదు. బకెట్టు కింద మనుషులున్నారు. జిబ్బుని నెమ్మదిగా తిప్పాడు, బకెట్టు ఊగితే ఊపు వెంట వెళ్లి చల్లార్చాడు, ఎవరూ లేని చోట పువ్వు పెట్టినట్టు దించాడు. ఆ తర్వాతే వాంతి చేసుకున్నాడు. నేను నా క్రేను దిగి, వాడి టవరు లిఫ్టు కోసం నిలబడి, పై స్లాబు చేరేసరికి కమ్మీ పనివాళ్లు గుమిగూడి ఉన్నారు. వాళ్లలో ఒకడి చేతిలో తడిగుడ్డ చుట్టిన సీసా ఉంది, సగం ఖాళీ. నేను ఆ సీసా లాక్కొని నిచ్చెనలు ఎక్కాను. వాడికి రెండు గుక్కలు పట్టించాను. అవీ నిలవలేదు. నడుముకి తాడు కట్టి, మరో ఇద్దరి సాయంతో మెట్టు మెట్టూ దించాం. ఆ నిచ్చెన ఎన్ని వేలసార్లు దిగానో తెలియదు. అంత పొడుగు ఎప్పుడూ అనిపించలేదు.

ఆసుపత్రిలో క్రియేటిన్ అంకె చెప్పారు. నర్సుకి అది వట్టి అంకె. నా భార్య ఆ అంకె వినగానే గోడకి జారగిలి కూర్చుండిపోయింది. తండ్రికి ఏ అంకె దగ్గర డయాలసిస్ మొదలుపెట్టారో ఆమెకి గుర్తే.

డాక్టరు వాడి వివరాలన్నీ రాసుకుంటూ, రోజుకి నీళ్లు ఎన్ని తాగేవాడని అడిగాడు. నా భార్యే ముందుగా జవాబిచ్చింది. "రెండు లీటర్లు పట్టికెళ్లీవోడండి. నానే నింపి ఇచ్చీదాన్ని. సాయంత్రానికి సుక్క మిగిలీది కాదు."

వాడు మంచం మీద నుంచి నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. చెప్పాల్సింది అప్పుడే. డాక్టరు వాణ్ణి అడిగాడు, నిజమేనా అని.

"అవునండి. తాగీవోణ్ణి" అన్నాడు.

డాక్టరు అదే రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు పలాస దాకా వచ్చాయి. వాటి లెక్కన నా బావమరిది రోజూ శుభ్రంగా రెండు లీటర్ల నీళ్లు తాగేవాడు.

అందరం ఊరు వచ్చేశాం. నేను మళ్లీ టవరు ఎక్కలేదు. మూలపేట దగ్గర ఒక సైటులో హైడ్రా నడుపుతున్నాను, చక్రాల మీద తిరిగే పొట్టి క్రేను. నేలకి దగ్గరగానే కూర్చుంటాను, కావాలంటే దూకి జీడితోటలోకి వెళ్లి వస్తాను. డయాలసిస్ రోజుల్లో డ్యూటీ మార్చుకొని వాణ్ణి బండి మీద పలాస తీసుకెళ్తాను. నాలుగు గంటలు వాడి రక్తం బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుంటాను. అక్కడ పరుపుల మీద ఉన్నవాళ్లలో చాలామంది ముఖాలు నాకు తెలిసినవే, మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లెవరూ ఊరు దాటి వెళ్లలేదు. వాడొక్కడు తప్పించుకోవడానికని వెళ్లాడు. తీసుకెళ్లింది నేను.

నా భార్య ఇప్పటికీ మా పెరట్లో బోరుని తిడుతుంది. "సిన్నప్పుడు తాగిన నీళ్లే ఈణ్ణి తినేత్తన్నాయి. అక్కడికెళ్లి మంచి నీళ్లు రెండేసి లీటర్లు తాగినా కడుక్కుపోనేదు" అంటుంది. ఏమో, అదే నిజమేమో కూడా. వాడిలాగే నీళ్లు మానేసిన నాకేమీ కాలేదు, వాడికైంది. కానీ నేను ఆ బోరు చాటున దాక్కున్నానని నాకు తెలుసు. ఆమె బోరుని తిట్టినంతసేపూ నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. అంత నీచపు మనిషిని అయ్యాను.

ఇప్పుడు వాడికి నీళ్లు కొలత. ఒంట్లోకి వెళ్లిన నీరు బయటికి పోయే దారి లేదు. అన్నంలో తడి, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ కలిపి లెక్క. రోజుకి ఇంతని ఒక సీసాకి గీత పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికే ఆ కొలత అయిపోతుంది. తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తాడు. పుక్కిలించిన నీళ్లు ఉమ్మే ముందు కళ్లు మూసుకొని కాసేపు నోట్లోనే ఉంచుకుంటాడు. వాడి కూతురు పక్కనే నిలబడి, మింగేస్తాడేమోనని కాపలా కాస్తుంది.

మొన్న డయాలసిస్ రోజున వాణ్ణి తీసుకెళ్లడానికి వెళ్లాను. మండిపోతున్న ఎండ. నా భార్య అప్పటికే తమ్ముడింట్లో ఉంది. నన్ను చూసి కూలింగ్ డబ్బాలోంచి గ్లాసు నీళ్లు పట్టి తెచ్చింది. వాడి ఎదుట తాగడం నాకు ఇష్టం ఉండదు. వద్దన్నాను, దాహం లేదన్నాను.

"తాగు బావా" అన్నాడు వాడు. "నాను సూత్తాను."

గ్లాసు చేతిలో పట్టుకొని నిలబడిపోయాను. నా భార్యకి ఏమీ అర్థం కాలేదు. "ఇదేటి సరదా నీకు?" అని తమ్ముణ్ణి అడిగింది.

"ఉత్తినే అక్కా" అన్నాడు.

తాగాను. వాడు నా గొంతు వైపే చూస్తున్నాడు, గుక్క గుక్కకీ వాడి గొంతు కూడా కదిలింది. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాను.

"ఇంకోటి పట్టక్కా బావకి" అన్నాడు. "ఎండలో వచ్చాడు."

ఆమె పట్టి తెచ్చింది. అదీ తాగాను.